తోకబండి వచ్చేదాకా

ఆ ఏడు ఉప్పు కడిగే వాన ఆలస్యంగా పడింది. చలికాలమంతా మంచు కరగడానికి రోడ్ల మీద చల్లిన ఉప్పు ఒక గట్టి వాన పడితే గానీ పోదు. అది పోకుండా మోటారుసైకిలు బయటికి తీస్తే సైలెన్సరు తుప్పు పట్టిపోతుంది. అందుకని మా విస్కాన్సిన్ కొండల్లో బళ్లున్నవాళ్లెవరూ మే నెల వచ్చేదాకా షెడ్డు తలుపు తీయలేదు. వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే మా ఆయన వెండెల్ షెడ్డులోంచి, "ఆర్డిస్! కాఫీ ఫ్లాస్కులో పొయ్యి, పోదాం!" అని కేకేశాడు. ఆ కేకలో ఏమైనా తేడా ఉందేమోనని తర్వాత ఎన్నోసార్లు గుర్తు చేసుకున్నాను. ఏ తేడా లేదు. ఎప్పటిలాగే కోడిపుంజులా అరిచాడు.

మా గుంపు ఆదివారాలు నట్‌సన్ బారు ముందున్న కంకర స్థలంలో కలుస్తుంది. బారు తెరవడానికి ఇంకా చాలా టైముంటుంది గానీ, నట్‌సన్ పెళ్లాం పక్క తలుపులోంచి డోనట్లు అందిస్తుంది. అక్కడ బళ్లన్నీ వరసగా స్టాండు వేసి, ఒకళ్ల బండి చుట్టూ ఒకళ్లు తిరిగి, చూసిందే మళ్లీ చూసి, తిట్టిందే మళ్లీ తిట్టడంతో సగం పొద్దు గడిచిపోతుంది.

ఆ ఆదివారం డార్సీ కొత్తగా వచ్చింది. జున్ను ఫ్యాక్టరీలో పనిచేసే పిల్ల. ముప్పై దాటిందో లేదో. ఆకుపచ్చ జపాన్ బండి.

"ఏమ్మా, కొత్తదా?" అని క్లీటస్ దాని చుట్టూ తిరిగాడు. క్లీటస్ మా గుంపుకి ముందుబండి. పాడి రైతు. ఆవుల పాలు పితికిన చేతులతోనే వచ్చేస్తాడు.

"కొత్తదెక్కడిది! నాది మూడో చెయ్యి."

"మూడో చెయ్యైనా మొహం కళగా ఉంది. కానీ ఎవడో వెధవ కుడివైపు పడేశాడు చూడు. ఈ కడ్డీ వంగింది."

"ఆ వెధవని నేనే," అంది డార్సీ. "నిన్న. మా ఇంటి ముందు. నడుపుతూ కూడా కాదు, ఆగి ఉండగానే."

అందరం పగలబడి నవ్వాం. "ఆగున్న బండి పడెయ్యనివాడు మనలో ఎవడైనా ఉంటే చెయ్యెత్తండ్రా," అన్నాడు క్లీటస్. ఒక్క చెయ్యీ లేవలేదు. ఇక మొదలు, ఎవరెక్కడ ఎలా పడేశారో ఒకళ్ల తర్వాత ఒకళ్లు. క్లీటస్ చర్చి ముందు, పెళ్లికొడుకు బట్టల్లో పడేశాడట. ఆ కథ నాకు కంఠతా వచ్చు, అయినా నవ్వాను.

డార్సీకి మా పద్ధతి చెప్పే పని వెండెల్‌ది. మా ఆయన తోకబండి. గుంపులో అందరికన్నా వెనక, నారింజ రంగు చొక్కా వేసుకుని వచ్చేది ఆయనే. తోక అని వెక్కిరించినా ఆ పని అందరికీ ఇవ్వరు.

"చూడు తల్లీ," అన్నాడు వెండెల్. "ముందు క్లీటస్ ఉంటాడు. వాడికి దారి తెలుసు. చివర నేనుంటాను. మధ్యలో వాళ్లకి ఏమీ తెలియక్కర్లేదు. మలుపు వచ్చిందంటే క్లీటస్ వెనకాలే ఉన్న మనిషి అక్కడ ఆగిపోవాలి. ఎటు తిరగాలో చెయ్యి చాపి చూపిస్తూ నిలబడాలి. అదే మలుపు కాపలా. అందరూ తిరిగి వెళ్లిపోతారు. ఆఖర్న నేనొచ్చి రెండుసార్లు హారన్ కొడతాను. అప్పుడు చెయ్యి దించి, నా ముందు బయల్దేరాలి."

"మీరు రాకపోతే?"

"వస్తాను."

"టైరు పంక్చరైతే?"

"ఆలస్యంగా వస్తాను. నువ్వు మాత్రం కదలకూడదు. నువ్వు కదిలితే వెనకవాళ్లు దారి తప్పుతారు. నిన్ను వెతుక్కుంటూ నేనూ తప్పుతాను."

"వడగళ్లు పడితే?"

"మరి హెల్మెట్ ఎందుకు కొన్నావ్?" అన్నాడు క్లీటస్. "నేను నిలబడలేదూ, అయోవాలో! ఈయనగారు ఎవరికో చెయిన్ బిగిస్తూ కూర్చున్నాడు, నేను వడగళ్లలో చెయ్యి చాపుకుని విగ్రహంలా నిలబడ్డాను. భుజం మీద కోడిగుడ్డంత బొప్పి."

"మరి ఎదురుగా వేరే బండి వస్తే? అందరూ ఏదో వేళ్లు చూపిస్తుంటారు కదా," అంది డార్సీ.

వెండెల్ ఎడమచెయ్యి మోకాలి పక్కకి దించి రెండు వేళ్లు చాపి చూపించాడు. "ఇలా. ముక్కూ మొహం తెలియని బండివాడికి మనమిచ్చే మర్యాద."

"మన గుంపువాళ్లకి?"

"మనవాళ్లకి మర్యాదేంటి!" అన్నాడు వెండెల్.

తర్వాత ఆయన అయోవా వడగళ్ల కథ మొత్తం చెప్పాడు. బాగా చెప్తాడు. అందరూ నవ్వారు. కాఫీ అయిపోయే లోపల మళ్లీ అదే కథ, మొదటి నుంచి, అదే చోట ఆగి, అదే చోట చెయ్యి ఊపుతూ చెప్పాడు. డార్సీ మర్యాదకి మళ్లీ నవ్వింది. క్లీటస్ నావైపు చూశాడు. నేను డోనట్ మీద పంచదార దులుపుకుంటూ కూర్చున్నాను.

ఆ రోజే ఇంకోటి జరిగింది. బయల్దేరిన కాసేపటికే వెండెల్ బండి ఆగిపోయింది. పెట్రోల్ ట్యాప్ తిప్పడం మరిచిపోయాడు. ఆ తప్పు ఎవరు చేసినా ఏడాది పొడుగునా ఏడిపించేది ఆయనే. "ఏరా తోకా, ట్యాంకు నిండా పెట్రోలు పెట్టుకుని తోసుకుంటూ వస్తావా?" అని క్లీటస్ అరిచాడు. వెండెల్ కూడా నవ్వాడు. అందరికన్నా చివర నవ్వాడు.

*

జూన్‌లో ఒక ఆదివారం నేను నా బండి మీద క్లీటస్ వెనకాల ఉన్నాను. ఎస్ రోడ్డు, డి రోడ్డు కలిసే చోట అతను ఎడమకి తిరిగాడు. నేను ఆగి, స్టాండు వేసి, ఎడమచెయ్యి చాపి నిలబడ్డాను. ఒకవైపు మోకాలెత్తు మొక్కజొన్న, ఇంకోవైపు కోసి ఆరబెట్టిన గడ్డి. మావాళ్లు ఒక్కొక్కళ్లే వచ్చి తిరిగి వెళ్లారు. డార్సీ మలుపులో అవసరం లేకుండా బ్రేకు నొక్కి, నా వంక చూసి నాలుక కరుచుకుంది.

తర్వాత ఎవరూ రాలేదు.

మోటారు బళ్లు వాడని ఆమిష్ వాళ్ల గుర్రబ్బండి ఒకటి వచ్చింది. గడ్డం ఆయన నా చాపిన చెయ్యి చూసి, అటు వెళ్లాలా అన్నట్టు తల తిప్పి, తనలో తను నవ్వుకుని నేరుగా వెళ్లిపోయాడు. పాల ట్యాంకరు వెళ్లింది. భుజం లాగుతుంటే చెయ్యి మార్చి నిలబడ్డాను. అప్పటికి వెండెల్ బండి చప్పుడు వినిపించింది. ఆ పాత జర్మన్ బండి చప్పుడు నాకు నిద్రలో కూడా తెలుస్తుంది. కొండ ఎక్కేటప్పుడు దగ్గినట్టు ఉంటుంది.

వచ్చాడు. నారింజ చొక్కా. హెల్మెట్ అద్దం పైకెత్తి ఉంది, మొహం బాగా కనిపించింది. నా బండి చూశాడు, నన్ను చూశాడు. హారన్ కొట్టలేదు. ఎడమచెయ్యి మోకాలి పక్కకి దించి, రెండు వేళ్లు చాపి, నేరుగా వెళ్లిపోయాడు.

నేను ఎడమవైపు చూపిస్తూనే ఉన్నాను.

ఏమనిపించిందని తర్వాత క్లీటస్ అడిగాడు. ఏమీ అనిపించలేదు. పన్ను పీకేముందు చిగుళ్లకి సూది వేస్తే దవడ ఎలా మొద్దుబారుతుందో, ఒళ్లంతా అలా అయిపోయింది. నా పనుల్ని నేనే దూరం నుంచి చూస్తున్నట్టుంది. బండి ఎక్కాను, గేరు వేశాను, ఆయన్ని అందుకోవడానికి వేగంగా వెళ్లాను. చర్చి దగ్గర పక్కకి వెళ్లి చెయ్యి ఊపితే ఆగాడు.

"ఏంటి ఆర్డిస్, పెట్రోలు అయిపోయిందా?" అన్నాడు.

"లేదు. మలుపు దాటిపోయావ్."

"అవునా? ఎండ కళ్లల్లో పడింది."

ఎండ మా వీపు వెనకుంది. ఇద్దరం వెనక్కి తిరిగి గుంపుని కలిశాం. ఆ రోజు ఎవరికీ చెప్పలేదు. బండి పోతే పోనీ, తోక పని పోతే పోనీ, కథలన్నీ రెండేసి సార్లు చెప్తే చెప్పనీ, నన్ను మాత్రం మరిచిపోకూడదు. ఆ వేసవంతా నాకు కావలసింది అదొక్కటే. దాని గురించి ఏడవాలనిపించలేదు, దేవుడికి మొక్కాలనీ అనిపించలేదు. పొద్దున్నే లేవగానే ఆయన "ఆర్డిస్" అన్నాడా లేదా అని చూసుకునేదాన్ని. అంటే, సరే, కాఫీ పెట్టేదాన్ని.

*

జూలైలో మోకాలు వాచి ఒక ఆదివారం ఇంట్లో ఉండిపోయాను. మధ్యాహ్నానికల్లా వెండెల్ ఇంటికి వచ్చేశాడు. బండి కడుక్కున్నాడు, చక్రాల ఊచలు ఒక్కొక్కటీ తుడుచుకున్నాడు, ఈల కూడా వేశాడు.

"ఎలా అయింది?"

"బాగుంది. రోడ్డంతా ఖాళీ."

పెద్ద వాన వచ్చి వెళ్లింది. సాయంత్రం పాలు పితికే వేళకి క్లీటస్ ఫోను చేశాడు. గుంపు మధ్యాహ్నం భోజనం దగ్గర ఎదురుచూసి, డార్సీ బండికి ఏదో అయి ఉంటుంది, వెండెల్ తోడున్నాడులే అనుకుని ఇళ్లకి వెళ్లిపోయిందట. తీరా డార్సీ ఇంట్లో లేదు, ఫోను కలవడం లేదు. "వెండెల్ వచ్చాడా?" అన్నాడు. వచ్చాడన్నాను. ఫోనులో వెనక ఆవు అరుపు వినిపించింది.

"ఏ మలుపు?" అన్నాను.

"సెలయేటి వంతెన. అక్కడ సిగ్నలు రాదు."

ఆ వంతెన మా ఇంటికే దగ్గర. పికప్ ట్రక్కు వేసుకుని వెళ్లాను. డార్సీ బండి పక్కన నిలబడి ఉంది. తడిసి ముద్దయి, మళ్లీ సగం ఆరి ఉంది. మెడ ఎండకి కమిలిపోయింది. ట్రక్కు చప్పుడు విని, ఎవరో చూడకుండానే చెయ్యి చాపి కుడివైపు చూపించింది.

"నేను, డార్సీ."

"తోక రాలేదు," అంది.

పాతవాళ్లయితే కాసేపు చూసి వెళ్లిపోయేవాళ్లు. ఆ పిల్లకి రూలంటే రూలే. "పద తల్లీ, ఇంటికి వెళ్లిపో," అన్నాను. పళ్లు టకటకలాడుతున్నా నవ్వింది. "మీరు తోక కాదు కదా," అంది. తర్వాత భోరున ఏడ్చింది. నేను నీళ్ల సీసా అందించి నిలబడ్డాను. ఆ ఏడుపు నాది కూడా అయితే బాగుండుననిపించింది.

తర్వాతి ఆదివారం కంకర స్థలంలో ఎవరూ ఆ మాట ఎత్తకూడదనుకున్నారు. ఎత్తింది వెండెల్. డార్సీ మెడ మీద ఊడుతున్న తోలు చూసి ఏమైందమ్మా అని అడిగాడు. ఆ పిల్ల తడబడుతూ, ఎండలో, వానలో మలుపు కాపలాలో నిలబడ్డాను, తోక రాలేదు అంది. ఎవరని మాత్రం చెప్పలేదు.

వెండెల్ మొహం ఎర్రబడింది. "రాకపోవడమేంటి? వానలో ఆడపిల్లని మలుపులో వదిలేసి పోయాడా? ఎవడా వెధవ?"

అందరూ కాఫీ కప్పుల్లోకి చూశారు.

"ఒరేయ్ క్లీటస్, నువ్వు ముందుబండివి కదరా, చెప్పు! ఎవడు? వాడి ఒంటి మీద చొక్కా లాగెయ్! తోక అంటే ఏమనుకుంటున్నాడు వాడు?" ఒంటి మీద నారింజ చొక్కాతోనే అరుస్తున్నాడు.

క్లీటస్ నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి ఏ మాటా రాకముందే, "నేనే," అన్నాను.

వెండెల్ నావైపు తిరిగాడు. "నువ్వా?"

"నేనే. మోకాలు నొప్పి పుట్టి ఇంటికొచ్చేశాను. మరిచిపోయాను."

చాలాసేపు చూశాడు. అంత కోపంగా ఆయన నన్ను ఎప్పుడూ చూడలేదు. అయినా నాకు సంతోషమేసింది. చూస్తున్నది నన్నే, ఆర్డిస్‌నే. తర్వాత కోపం తగ్గింది. చొక్కా విప్పి నా చేతిలో పెట్టాడు.

"వేసుకో. నీకెవరూ నేర్పలేదు, అదీ సంగతి. ఇక్కణ్ణించి నేను నీ ముందే ఉంటాను. చూసుకుంటూ నేర్చుకో."

చొక్కా నాకు మోకాళ్ల దాకా వచ్చింది. ఎవరూ నవ్వలేదు. డార్సీ వచ్చి వీపు వెనక తాడు బిగించింది.

*

అలా ఆగస్టంతా నేను తోక. ఆయన నా ముందు. ఆయన బ్రేకు లైటు చూస్తూ నడిపాను. ఆగిన ప్రతిచోటా పాఠం చెప్పేవాడు. "మలుపులో మనిషి కనిపించగానే వేగం తగ్గించు. వాళ్ల మొహం చూడు. నీళ్లు కావాలా, భయపడ్డారా, మొహంలోనే తెలుస్తుంది. తర్వాతే హారన్. రెండుసార్లు. ఒకటి కొడితే పక్కకి తప్పుకోమని. రెండు కొడితే నీకోసం వచ్చానని." ఈ పాఠం ఒక్కరోజు కూడా తప్పుగా చెప్పలేదు. ఎన్నిసార్లు చెప్పినా విన్నాను.

లా క్రాస్ పట్నం తీసుకెళ్తే, అక్కడి డాక్టరమ్మ ఆయన్ని చాలా ప్రశ్నలు అడిగింది. ఆఖర్న నన్ను పక్కకి పిలిచి, "బండి నడుపుతున్నారా?" అంది.

"నడుపుతున్నాడు. నా ముందే."

"మీ ముందు నడిపినా, వెనక నడిపినా, ఇక వద్దు."

ఆయనకి చెప్తే సరేనన్నాడు. కారు ఎక్కేలోపల మరిచిపోయాడు. తాళంచెవి దాస్తే ఇల్లంతా తిరగేస్తాడు, దొరక్కపోతే నన్ను దొంగంటాడు. అందుకని క్లీటస్ వచ్చి సీటెత్తి బ్యాటరీ తీసి, మా నేలమాళిగలో చార్జరుకి తగిలించాడు.

"బండి నా కొట్టంలో పెట్టేస్తాను ఆర్డిస్. కళ్లెదురుగా లేకపోతే అడగడు."

"ఉండనీ. తుడుచుకోడానికి ఏదో ఒకటి ఉండాలి కదా మనిషికి."

"నీకెలా ఉంది?"

"నాకేం?"

"అదే అడుగుతున్నాను," అన్నాడు క్లీటస్. ఆ మనిషికి ఏడుపొచ్చింది. నేను యాపిల్ పై ఒక ముక్క కోసి పెట్టాను. నిలబడే తిని వెళ్లాడు.

ఇక రోజూ ఒకటే మాట. పొద్దున్నే షెడ్డులోకి వెళ్లి సెల్ఫ్ నొక్కేవాడు. ఉలుకూ పలుకూ ఉండేది కాదు. "ఆర్డిస్, బ్యాటరీ పోయింది. కొత్తది తేవాలి." "తెస్తాలే." "రేపు?" "రేపు." మర్నాడు మళ్లీ అదే. సెప్టెంబరులో ఒకరోజు పేరు తీసేశాడు. "ఏమండీ, ఈ బండికి బ్యాటరీ పోయిందండీ," అన్నాడు. కొట్లో గుమాస్తాతో మాట్లాడినట్టు. "తెస్తానండీ," అన్నాను. వంటగదిలోకి వచ్చి గిన్నెలు తోముకున్నాను. తోమినవే మళ్లీ తోమాను. మధ్యాహ్నానికి మళ్లీ ఆర్డిస్ అన్నాడు, మర్నాడు మళ్లీ అండీ అన్నాడు. అక్టోబరు వచ్చేసరికి అండీయే మిగిలింది.

*

ఏటా ఆకులు రాలాక మా గుంపు ఆఖరి రైడ్ ఒకటి పెడుతుంది. ఆ తర్వాత బళ్లు షెడ్లలోకి వెళ్లిపోతాయి. ఆ ఏడు క్లీటస్ దారి మార్చి, మా ఇంటి ముందు నుంచి పెట్టాడు. వెండెల్‌కి వినిపిస్తుందని. తోక లేకుండా వెళ్తున్నాం, ఏం పర్లేదులే అన్నాడు. నేను ఇంట్లో ఉండిపోయాను.

ఉల్లిపాయలు తరుగుతున్నాను. బళ్ల చప్పుడు లోయలోంచి పైకొచ్చింది. తల ఎత్తి చూస్తే, గడపలో కూర్చున్న వెండెల్ అక్కడ లేడు. కోటు లేకుండా ఒట్టి చొక్కాతోనే మా ఇంటి దారి చివరికి, పోస్టు డబ్బా దగ్గరికి వెళ్లిపోయాడు. అక్కడ మా దారి రోడ్డులో కలుస్తుంది, ఇంకో మట్టి బాట వాగులోకి దిగుతుంది. అక్కడ కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి కుడిచెయ్యి చాపాడు. వాగువైపు.

ముందు క్లీటస్. నేరుగా వెళ్లాల్సినవాడు. వెండెల్‌ని చూశాడు, చాపిన చెయ్యి చూశాడు, మారు మాట్లాడకుండా కుడికి తిరిగాడు. వెనక డార్సీ తిరిగింది. తర్వాత అందరూ, ఒక్కొక్కళ్లే. మలుపు కాపలా ఎటు చూపిస్తే అటు. ఆ బాట వాగు దగ్గర ఆగిపోతుందని వాళ్లలో తెలియనివాడు లేడు. కాసేపటికి బురదలో బళ్లు వెనక్కి తిప్పుకుంటూ తిట్టుకోవడం వినిపించింది.

వెండెల్ చెయ్యి దించలేదు.

కోటు తీసుకుని వెళ్లాను. "పద, చలేస్తోంది."

"తోక రాలేదండీ," అన్నాడు మర్యాదగా.

"ఇవాళ తోక లేదు. అందరూ వెళ్లిపోయారు."

"తోక లేకపోవడమేంటండీ!" అని నావైపు జాలిగా చూశాడు. బళ్ల సంగతి తెలియని మనిషిని చూసినట్టు.

కోటు భుజాల మీద వేస్తే వేయించుకున్నాడు. చాపిన చేతికి మాత్రం తొడిగించుకోలేదు. క్లీటస్ వాగులోంచి నడుచుకుంటూ పైకొచ్చాడు. "ఒరేయ్ వెండెల్, అయిపోయిందిరా, రా, కాఫీ తాగుదాం," అన్నాడు. వెండెల్ తల అడ్డంగా ఊపాడు. డార్సీ వచ్చి బతిమాలింది. గాలి ఉత్తరం నుంచి కొడుతోంది. ఆయన వేళ్లు నీలం తిరిగాయి. చెయ్యి మాత్రం దిగలేదు. క్లీటస్ పట్టుకుని లాగబోతే పెద్దగా అరిచాడు. ఆ అరుపు నేను అంతకుముందు వినలేదు.

"వదిలెయ్," అన్నాను. "డార్సీ, నువ్వు రా నాతో."

నేలమాళిగలోంచి బ్యాటరీ తెచ్చాం. షెడ్డులో సీటెత్తాను. ఉల్లిపాయ చేతుల్తోనే నట్లు బిగించాను. డార్సీ టార్చి పట్టుకుంది. నారింజ చొక్కా వేసుకున్నాను, ఆ పిల్ల తాడు కట్టింది. ఆ బండి నాకు ఎత్తు. ముని వేళ్లు తప్ప కాళ్లు ఆనవు. పెట్రోల్ ట్యాప్ తిప్పాను. సెల్ఫ్ నొక్కితే దగ్గి దగ్గి అందుకుంది.

"పడేస్తారేమో జాగ్రత్త," అంది డార్సీ.

"పడేస్తే పడేస్తాను."

ఇంటి వెనక పొలం గట్టు మీదుగా పక్క రోడ్డెక్కి, చుట్టు తిరిగి, లోయలోంచి పైకొచ్చాను. అందరూ వచ్చే వైపు నుంచి. దూరంగా ఆయన కనిపించాడు. సగం తొడిగిన కోటు, చాపిన చెయ్యి. బండి చప్పుడు విని తలెత్తాడు. ఆయన నేర్పినట్టే వేగం తగ్గించాను. నేర్పినట్టే మొహం చూశాను. భయం లేదు ఆ మొహంలో. ఎవరో వస్తారని నమ్మకంగా నిలబడ్డ మొహం.

రెండుసార్లు హారన్ కొట్టాను.

చెయ్యి దించాడు. భుజం పట్టుకుని నొక్కుకున్నాడు. దగ్గరికొచ్చి నా హెల్మెట్ అద్దంలోకి చూశాడు.

"అందరూ వెళ్లారాండీ?"

"అందరూ వెళ్లారు. నేనే ఆఖరు."

"అందరూ కాదు," అన్నాడు గొంతు తగ్గించి. "మా ఆవిడ ఉంది. ఆర్డిస్ అని. ఏదో మలుపులో నిలబెట్టాను. ఏ మలుపో గుర్తు రావడం లేదు. తోక వచ్చేదాకా కదలదండీ, మొండిది. ఆవిణ్ణి వదిలేసి పోకండి."

క్లీటస్ అటు తిరిగి నిలబడ్డాడు.

హెల్మెట్‌లో ఏడిస్తే అద్దం మసకబారుతుంది. అయినా ఏడుపొచ్చేసింది. మే నెల నుంచి రానిది అప్పుడొచ్చింది. అద్దం కాస్త పైకెత్తాను.

"వదిలేసి పోనండి," అన్నాను. "ఎక్కండి. దారిలో చూసుకుంటూ పోదాం."

ఆయన ఏనాడూ ఎవరి వెనకా కూర్చోలేదు. ఆ రోజు కూర్చున్నాడు. చల్లటి చేతులు నా నడుం చుట్టూ వేశాడు. పోస్టు డబ్బా నుంచి మా ఇంటి దాకా ఉన్న ఆ కాస్త దారిలో రెండు మలుపులున్నాయి. రెండింటి దగ్గరా నా భుజం మీదుగా మెడ చాపి, ఎవరైనా నిలబడి ఉన్నారేమోనని చూశాడు.